వలకూ గంపకూ మధ్య

హైదరాబాద్‌లో మూసీకి ఉత్తరపు ఒడ్డున ఉన్న బేగంబజార్ టోకు వ్యాపారానికి పేరుమోసింది. నిజాం అలీ ఖాన్ భార్య హమ్దా బేగం వర్తకులకు ఇచ్చిన స్థలంలో వెలిసిన బజారు ఇది. ఇత్తడి సామాను, కిరాణా సరుకు, ఎండు పళ్లు, మసాలా దినుసులు ఎక్కడెక్కడి నుంచో ఇక్కడికి వచ్చి, ఇక్కడి నుంచి చిల్లర దుకాణాలకు చేరతాయి. ఆ బజారులోనే చేపల మార్కెట్ కూడా ఉంది. కాకినాడ తీరానికి దాదాపు 500 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరికి సముద్రపు చేప మంచు కింద ప్రాణం లేకుండా వస్తుంది. రొయ్య సంగతీ అంతే. మడ అడవుల బురదలో పుట్టి పెరిగే మండపీత మాత్రం బతికి వస్తుంది. డెక్కలు తాడుతో బిగించి, తడి గోనె కప్పి గంపలో పేరిస్తే రాత్రంతా ప్రయాణం చేసి, తెల్లవారి తూకానికి వచ్చేసరికి కూడా కళ్లు కదిలిస్తూనే ఉంటుంది.

పీతల వేట మీద పెట్టే ఆంక్షల గురించి, తరిగిపోతున్న పీతల గురించి ఆలోచించడానికి ఈ చిన్న విషయమే మంచి ఆధారం. చేపల వేటలో సాధారణంగా పట్టడమూ చంపడమూ ఒకటే. ట్రాల్ వల పైకి లాగేసరికి అందులో చాలా చేపలకు ప్రాణం ఉండదు. పొరపాటున పడిన పిల్ల చేపను తిరిగి నీళ్లలోకి విసిరినా బతకడం అరుదు. అందుకే చేపల వేటకు పెట్టే నియమాలు వల నీళ్లలో దిగకముందే పనిచేయాలి. ఏ నెలలో వెళ్లాలి, ఎంత కన్ను ఉన్న వల వాడాలి, తీరానికి ఎంత దూరంలో వేయాలి అన్నవన్నీ ముందే తేలాలి. పీత దగ్గర ఈ లెక్క మారుతుంది. పట్టిన తర్వాత కూడా దాన్ని వదిలేయవచ్చు. చిన్నదో పెద్దదో చేతిలోకి తీసుకుని చూడవచ్చు. తిరగేస్తే పొట్ట కింద రేకు సన్నగా ఉంటే మగది, వెడల్పుగా ఉంటే ఆడది. ఆ రేకు కింద గుడ్ల ముద్ద ఉంటే కంటికే తెలుస్తుంది. వలకూ వంటకూ మధ్య దాన్ని వదలాలా వద్దా అని తేల్చుకునే సమయం చాలానే ఉంటుంది. తెలుగు తీరంలో పెట్టిన ఆంక్షలు ఆ సమయాన్ని దాదాపు వాడుకోవు. ఒకటి క్యాలెండర్ మీద ఆధారపడుతుంది, ఇంకొకటి అడవి హద్దు మీద. రెండూ పట్టే కుటుంబాన్నే ఆపుతాయి. గంప దగ్గర అడిగేది బరువూ ధరా మాత్రమే.

క్యాలెండర్‌కూ గంపకూ ఎంత దూరమో మృగశిర కార్తె నాడు తెలుస్తుంది. జూన్ 7న గానీ 8న గానీ కార్తె ప్రవేశిస్తుంది. ఆ రోజు చేప తింటే ఏడాదంతా రోగాలు దరిచేరవన్న నమ్మకం తెలంగాణలో బలంగా ఉంది. నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని కుటుంబం ఉబ్బసం ఉన్నవారికి కొర్రమీను పిల్లతో చేప ప్రసాదం వేసేదీ ఆ రోజే. బేగంబజార్, రాంనగర్ మార్కెట్లు తెల్లవారుజాము నుంచే కిటకిటలాడతాయి. సరిగ్గా ఆ సమయానికి సముద్రం మూసి ఉంటుంది. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 వరకు మర పడవలకు వేట నిషేధం. అంటే హైదరాబాద్ చేప కోసం ఎగబడే రోజున దేశానికి రెండు వైపులా మర పడవలు ఒడ్డునే కట్టేసి ఉంటాయి. అయినా మార్కెట్‌లో చేపకు కొదవ ఉండదు. కోస్తా చెరువుల్లో పెంచిన బొచ్చె, రాగండి లారీల్లో వస్తాయి. తెలంగాణ చెరువులు, జలాశయాల చేప కూడా తోడవుతుంది. కొనేవాడికి నిషేధం నడుస్తోందని తెలియవలసిన అవసరమే రాదు. ధర కాస్త పెరిగితే అది పండగ ధర అనుకుంటాడు. వేట నిషేధం భారం తీరంలోనే ఉండిపోతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో సముద్ర వేటను నియంత్రించే చట్టం 1994లో వచ్చింది. మొదట నెలన్నర ఉన్న వార్షిక నిషేధాన్ని 2015 నుంచి 61 రోజులకు పెంచారు. ఇంజను ఉన్న పడవలన్నిటికీ ఇది వర్తిస్తుంది. తెడ్డుతోనో తెరచాపతోనో నడిచే నాటు పడవలకు మినహాయింపు ఉంది. పని ఆగిన కాలానికి ప్రభుత్వం ఇచ్చే భృతి 2019లో 10,000 రూపాయలైంది, 2025లో 20,000కు పెరిగింది. రెండు నెలలు ఒక ఇల్లు గడవడానికి ఆ మొత్తం ఎంతవరకు సరిపోతుందో లెక్క వేయడం కష్టం కాదు. దానికంటే లోతైన చిక్కు ఇంకొకటి ఉంది. సాయం జాబితా పడవల లెక్క మీద తయారవుతుంది. ఫలానా పడవ, దాని మీద పనిచేసే ఇంతమంది అని రాసుకుంటారు. బురదలో నడిచి, బొరియలో చెయ్యి పెట్టి పీతను పట్టే కుటుంబానికి రాయించుకోవడానికి పడవే ఉండదు.

పీతకు ఈ 61 రోజుల వల్ల ఎంత మేలు అన్నది దాని జీవితం తెలిస్తే గాని తేలదు. పీత పెంకు పెరగదు. లోపలి ఒళ్లు పెరిగినప్పుడల్లా పాత పెంకు విడిచి కొత్తది కట్టుకోవాలి. కొత్త పెంకు గట్టిపడేదాకా అది మెత్తగా, లోపల కండ కంటే నీరే ఎక్కువగా, ఎవరికైనా ఆహారం అయ్యే స్థితిలో ఉంటుంది. ఆడ మండపీత జత కట్టేది పెంకు విడిచిన ఆ మెత్తని రోజుల్లోనే. మగ పీత దాన్ని ముందు నుంచే కాళ్ల మధ్య పొదివి పట్టుకుని కాపలా కాస్తుంది. తర్వాత ఆడది మడ అడవి పాయ దాటి ఉప్పదనం ఎక్కువగా ఉండే సముద్రంలోకి నడిచిపోతుంది. అక్కడ లక్షల సంఖ్యలో గుడ్లను పొట్ట రేకు కింద అంటించుకుని మోస్తుంది. గుడ్లు మొదట నారింజ రంగులో ఉండి, పొదిగే వేళకు నల్లబడతాయి. పుట్టిన పిల్లలు అయిదారు రూపాలు మారుతూ కొన్ని వారాలు నీటిలో తేలి, చివరికి పోటుతో పాటు మళ్లీ పాయల్లోకి చేరతాయి. లక్షల్లో ఒకటో రెండో పెద్దవవుతాయి.

ఈ వెచ్చని నీళ్లలో పీతలు ఒక్క వేసవిలోనే కాదు, ఏడాది పొడుగునా గుడ్లు పెడతాయి. కొన్ని నెలల్లో ఎక్కువ, కొన్నిటిలో తక్కువ, అంతే తేడా. కాబట్టి రెండు నెలల నిషేధం వల్ల వాటికి కలిగే మేలు పాక్షికం. ఆ రెండు నెలల్లో గుడ్లతో సముద్రంలోకి వెళ్లిన ఆడ పీత ట్రాల్ వల బారి నుంచి తప్పించుకుంటుంది. మిగతా పది నెలలు గుడ్లు మోస్తున్న పీతకు ఆ కాపుదల లేదు. అటు మడ పాయల్లో ఇంజను లేని పడవలతో, కాలినడకన సాగే పీతల వేట నిషేధ కాలంలోనూ జరుగుతూనే ఉంటుంది. క్యాలెండర్ చేపకు వేసిన కొలత. పీత ఒంటికి అది సరిపోదు.

తెలుగు తీరంలో పీతల మీద బతికే కుటుంబాలు ఎక్కువగా గోదావరి, కృష్ణా నదులు సముద్రంలో కలిసేచోట ఉన్నాయి. కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల చుట్టూ ఉన్న పల్లెల్లో మగవాళ్లు పాయల్లో అడుగు వలలు వేస్తారు. ఎర కట్టిన బుట్టలు, తాళ్లు వేసి పోటు పాటు చూసుకుని తీస్తారు. చెప్పడానికి ఒక్కడి వేట గాని, పని ఇంటిల్లిపాదిదీ. చిక్కుపడిన వలలోంచి పీతను డెక్క విరగకుండా విడదీయడం, తెగిన వల కళ్లు అల్లడం, డెక్కలు కట్టడం, రకాలు వేరు చేసి కమీషన్‌దారు దగ్గరకు మోయడం వంటి పనుల్లో ఆడవాళ్ల చెయ్యే ఎక్కువ. డెక్క విరిగితే ధర సగం పోతుంది. కనుక విడదీసే చేతికి ఉన్న నేర్పే ఆ రోజు సంపాదన.

కృష్ణా డెల్టాలో, నాగాయలంక వైపు, యానాదులు పీతల వేటలో ఆరితేరినవారు. పాటు తీసిన బురదలో బొరియ నోరు చూసి లోపల పీత ఉందో లేదో చెప్పగలరు. ఇనుప కొక్కేన్ని లోపలికి జొనిపి, అది దేన్ని తాకిందో చేతికి అందే కదలికను బట్టి గ్రహించి, పీతను దెబ్బ తగలకుండా బయటికి లాగుతారు. ఈ పద్ధతిలో ఒక్కొక్క పీతనూ విడిగా పట్టాలి, అంటే ఒక్కొక్కదాన్నీ చూసే పట్టాలి. ఎంచుకుని పట్టడం ఇంత సహజంగా సాగే వేట ఇంకొకటి ఉండదు. అయినా ఆంక్ష ముందుగా తగిలేది వీళ్లకే. కోరింగ 1978లో, కృష్ణా మడ అడవులు 1989లో వన్యప్రాణి అభయారణ్యాలయ్యాయి. మడ చెట్టు నిలబడితేనే పీతకు నెలవు ఉంటుంది గనక అడవిని కాపాడటం పీతల వాళ్లకూ మేలే. కానీ తాతల నాటి నుంచి తిరిగిన పాయ ఒక గీత దాటగానే నిషిద్ధమవుతుంది. అడవిని నరికి చెరువు తవ్వినవాడికీ, అడవిలో చేత్తో పీత పట్టినవాడికీ హద్దు ఒకటే. హద్దు దగ్గర సులభంగా దొరికేది మాత్రం నడిచి వచ్చినవాడే.

పీతలు తగ్గడానికి కారణాలు ఒక్కచోట లేవు. 1990ల్లో రొయ్యల సాగు ఉధృతంగా పెరిగినప్పుడు తీరంలో మడ చెట్లున్న ఎన్నో చోట్ల చెరువులు పడ్డాయి. నదుల మీద ఆనకట్టలు కట్టాక డెల్టా చివరికి చేరే మంచినీరు, ఒండ్రు తగ్గాయి. సముద్రంలో అడుగు గీసుకుంటూ వెళ్లే ట్రాల్ వలలు గుడ్లతో ఉన్న ఆడ పీతల్ని ఏరుకుపోతాయి. వీటికి తోడు పీతల పెంపకం కూడా అడవి మీదే ఆధారపడింది. చెరువుల్లో వేసి పెంచడానికి కావలసిన పిల్ల పీతలను చాలాకాలం పాయల్లోంచే పట్టి తెచ్చారు. పెద్దయ్యాక గుడ్లు పెట్టవలసిన పీత ఆ విధంగా పిల్లగా ఉన్నప్పుడే లెక్కలోంచి పోతుంది. తెలంగాణలో మాగాణి పొలాల ఎండ్రకాయల కథ ఇంకొక దారిలో నడిచి ఇక్కడికే వచ్చింది. పురుగుమందుల వాడకం పెరిగాక వరి గట్ల బొరియల్లో అవి అరుదయ్యాయి. ఒకప్పుడు పొలంలో ఉచితంగా దొరికిన కూర ఇప్పుడు మార్కెట్‌లో కొనాలి. ఆ కొనుగోలు భారం కూడా తీరపు పీత మీదే పడుతుంది.

వీటన్నిటినీ నడిపేది ధర. మండపీత ధర బరువుతో పాటు సమానంగా పెరగదు, మెట్లు మెట్లుగా పెరుగుతుంది. పెద్ద పీత కిలో ధరకూ చిన్న పీత కిలో ధరకూ ఎన్నో రెట్లు తేడా ఉంటుంది. అన్నిటికంటే ఎక్కువ ధర పలికే వాటిలో ఒకటి లోపల ఎర్రని గుడ్డు నిండిన ఆడ పీత. సింగపూర్, చైనా వంటి చోట్ల దానికి గిరాకీ ఎక్కువ. గుడ్లు పొట్ట కిందకి దిగకముందు, అంటే సముద్రంలోకి నడవబోయే ముందు పట్టిన పీత అది. ఏ పీతను వదిలితే రేపటి పంట నిలుస్తుందో, బజారు ఆ పీతకే ఎక్కువ డబ్బు ఇస్తోంది. మేలు రకం చెన్నై మీదుగా విమానమెక్కుతుంది. ఎగుమతికి తూగని చిన్నవి, డెక్క పోయినవి, గుల్లవి దేశంలోని మార్కెట్లకు చేరతాయి. బేగంబజార్‌లో కిలోకు అయిదారు తూగే పీతలు కనబడితే వాటిలో చాలావరకు ఇంకా ఒక్క కాన్పు కూడా చూడనివే. చవగ్గా దొరికాయని కొన్నవాడు నిజానికి రెండేళ్ల తర్వాతి పీతనూ ఇవాళే తింటున్నాడు.

పట్టేవాడికి ఈ లెక్క తెలియదనుకోవడం పొరపాటు. చిన్న పీతను వదిలితే ఆర్నెల్ల తర్వాత పెద్ద ధర వస్తుందని అతనికి అందరికంటే బాగా తెలుసు. కానీ వదిలిన పీత మళ్లీ తన వలలోనే పడుతుందన్న హామీ లేదు. పక్క పాయలో ఇంకొకడు పడతాడు. పైగా వలకూ పడవకూ వ్యాపారి ముందే ఇచ్చిన బాకీ ఉంటుంది. ఆ బాకీ ఉన్నంతకాలం పీత ఎవరికి అమ్మాలో, ఏ ధరకు అమ్మాలో తేల్చేది వ్యాపారే. బాకీలో ఉన్న ఇల్లు రేపటి కోసం ఇవాళ పస్తుండలేదు. ఈ గొలుసు చివరన ఉన్నవాడు ఎంత నిస్సహాయుడో 2020 మొదట్లో తేలిపోయింది. కరోనాతో చైనా కొనుగోళ్లు ఆగిపోగానే ఎగుమతి పీతల ధర ఒక్కసారిగా కూలింది. పాయలో పీత అదే, పట్టిన శ్రమా అదే, దాని విలువ మాత్రం ఎక్కడో దూరదేశపు బజారు తెరవడం మూయడం మీద ఆధారపడి ఉంది.

ప్రపంచంలో పీతల మీద బతికే మిగతా తీరాలు ఈ చిక్కును రకరకాలుగా విప్పాలని చూశాయి. అమెరికా పడమటి తీరంలో డంజనెస్ పీతల వేటకు వందేళ్లకు పైబడిన పద్ధతి ఉంది. ఆడ పీతను ఉంచుకోరు, కాలిఫోర్నియా వంటి చోట్ల వెడల్పు ఆరుంపావు అంగుళాలు లేని మగ పీతనూ ఉంచుకోరు. బోను మీద చిన్న పీతలు బయటపడే కంతలు ఉంటాయి. ఆ పీతలు ఏటా పెరుగుతూ తరుగుతూ ఉన్నా వేట మాత్రం నిలిచింది. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో దొరికేది మన మండపీత జాతే. అక్కడ ఆడదాన్ని పట్టడం నేరం, మగది 15 సెంటీమీటర్ల వెడల్పు ఉండాలి. పీతను పట్టాక కూడా వదలవచ్చన్న విషయం మీదే ఈ రెండు పద్ధతులూ నిలబడ్డాయి.

చెసపీక్ అఖాతంలో 2008 నాటికి నీలి పీతలు బాగా తగ్గిపోతే మేరీలాండ్, వర్జీనియా రాష్ట్రాలు ఆడ పీతల వేటను మూడో వంతుకు పైగా తగ్గించాయి. చలికాలంలో బురదలో ఉన్న పీతలను తవ్వితీసే వేటను వర్జీనియా ఆపేసింది. అక్కడ గమనించవలసింది ఆంక్ష ఒక్కటే కాదు. ఆ వేటను విపత్తుగా ప్రకటించి కేంద్ర నిధులు తెచ్చారు. పని పోయిన జాలరులకే డబ్బిచ్చి, నీటి అడుగున వదిలేసిన పాత బోనులను తీయించారు. ఆ బోనులు ఎవరికీ పనికిరాకుండా పీతలను చంపుతూ ఉండేవి. వేట ఆగిన మనిషికి కూలి దొరికింది, అఖాతం శుభ్రపడింది.

నియమం ఒక్కటే అన్నీ చేయలేదని అలాస్కా చూపింది. అక్కడ పరిమాణం, లింగం, కోటా అన్నీ కచ్చితంగా అమలవుతాయి. అయినా 2022లో బేరింగ్ సముద్రపు మంచు పీతల వేట చరిత్రలో మొదటిసారి మూతపడింది. 2018, 2019లలో సముద్రం అసాధారణంగా వేడెక్కి, పీతల ఆకలి పెరిగి, తిండి చాలక వెయ్యి కోట్లకు పైగా పీతలు కనుమరుగయ్యాయని 2023లో శాస్త్రవేత్తలు తేల్చారు. వలకు సంబంధం లేని కారణంతో వల మూలపడింది. కాబట్టి పీతలు తగ్గిన ప్రతిసారీ పట్టేవాణ్ణి దోషిగా నిలబెట్టడం కుదరదు.

పెంపకమే పరిష్కారమన్న వాదన తెలుగు జిల్లాల్లో బాగా వినబడుతుంది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థకు చెందిన రాజీవ్ గాంధీ సెంటర్ తమిళనాడులోని శీర్గాళి దగ్గర తొడువాయిలో మండపీత పిల్లల కేంద్రం నడుపుతోంది. అక్కడి పిల్లలు ఆంధ్ర చెరువులకూ వస్తాయి. అడవి పిల్లల మీద ఒత్తిడి తగ్గడానికి ఇది నిజంగా దారి. అయితే పొదిగిన పిల్లల్లో చేతికి వచ్చేవి చాలా తక్కువ. చెరువులో పీతలు ఒకదాన్నొకటి తింటాయి గనక వాటిని విడివిడిగా సాకాలి. అందుకు చెరువు, పెట్టుబడి, మేత ఉండాలి. ఈ మూడూ లేనివాడే పాయలో కొక్కెం పట్టుకుని తిరుగుతున్నాడు. పీత చెరువుకు చేరితే పీతలు పెరగవచ్చు గాని పీతల వాడు కూలివాడవుతాడు. పీతను కాపాడటమూ పీతల వాళ్లను కాపాడటమూ ఒకటి కావని పెంపకం విషయంలోనే స్పష్టంగా తెలుస్తుంది.

మిగిలింది గంప దగ్గర పెట్టగల నియమం. పాయలు లెక్కలేనన్ని, వాటిలో తిరిగేవాళ్లూ అంతే. ప్రతి బొరియ దగ్గరా మనిషిని కాపలా పెట్టలేరు. పీతలు చివరికి చేరే టోకు మార్కెట్లు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. ఇంత బరువు లేని పీత, పొట్ట కింద గుడ్లు ఉన్న పీత ఇక్కడ అమ్మకూడదు అని బేగంబజార్ వంటి మార్కెట్‌లో ఒక నియమం నిలబడితే, ఆ కబురు కమీషన్‌దారు ద్వారా వారం తిరక్కుండా పాయకు చేరుతుంది. కొనేవాడు లేని పీతను పట్టేవాడూ ఉండడు. ఇది కొత్త ఊహ కాదు. కేరళ 2015 నుంచి కొన్ని జాతులకు కనీస పరిమాణం నిర్ణయించి, అంతకంటే చిన్నవాటిని రేవులో పట్టుకుంటోంది. కొలంబోలో మాజీ క్రికెటర్లు మహేల జయవర్ధనే, కుమార్ సంగక్కర భాగస్వాములుగా ఉన్న మినిస్ట్రీ ఆఫ్ క్రాబ్ అనే భోజనశాల అర కిలోకు తక్కువ తూగే పీతను వడ్డించనని తనకు తానే నియమం పెట్టుకుంది.

గంప దగ్గరి నియమానికీ పరిమితులున్నాయి. హైదరాబాద్‌లో అమ్మనివ్వకపోతే చిన్న పీత ఇంకో ఊరికి వెళ్తుంది. అందుకే ఒక్క మార్కెట్ నియమం చాలదు, చెన్నై ఎగుమతిదారు నుంచి వారపు సంత దాకా ఒకే కొలత ఉండాలి. బజారు దాకా వచ్చి తిరస్కరణకు గురైన పీత మళ్లీ పాయ చేరే దారి లేదు గనక ఆ కొలత మొదట అమలు కావలసింది ఊళ్లోని కమీషన్‌దారు త్రాసు దగ్గర. అక్కడి నుంచి పాయ అడుగు దూరమే, పీత ఇంకా బతికే ఉంటుంది. సముద్రపు పీతలు పడవ మీదే మంచులోకి పోతాయి గనక వాటికి ఈ పద్ధతి రేవు దాటి పనిచేయదు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఖర్చుది. చిన్న పీతను వదిలిన రోజున ఆ ఇంటి ఆదాయం తగ్గుతుంది, లాభం మాత్రం నెలల తర్వాత వస్తుంది. మొదటి ఏడాది ఆ లోటును పట్టేవాడి మీదే వదిలేస్తే నియమం బతకదు. బాకీ కట్టవలసినవాడు రాత్రి వేళ దొంగచాటుగా పట్టి అమ్మక తప్పదు. వేట నిషేధ భృతికి పడవ కాకుండా వేటగాడే ప్రాతిపదిక కావడం, అభయారణ్యం హద్దు లోపల చేత్తో పట్టే సంప్రదాయ వేటకు ఎంపిక నియమంతో అనుమతి ఉండడం, వ్యాపారి బాకీకి బదులు సహకార సంఘం అప్పు దొరకడం అన్నవి కనీస పరిమాణం నియమానికి జతగా రావలసినవి. పెద్ద పీతకు ఎక్కువ ధర పెట్టగలిగిన కొనుగోలుదారు, ఎగుమతిదారు ఆ ఖర్చులో వాటా మోయాలి. పీతల వేటను నిలబెట్టిన తీరాలన్నీ పట్టేవాడి ఎంపికనే నమ్ముకున్నాయి. తెలుగు తీరంలో ఆ ఎంపిక చేయగల నేర్పు పట్టేవాడికి ఎప్పుడో ఉంది. దాన్ని వాడితే నష్టపోకుండా చూసే ఏర్పాటే ఇంకా రాలేదు.